ప్రెజర్ వెసెల్ లెక్కలు – 4వ పాఠం: వెల్డెడ్ పైపు షెల్‌కు 0.85 ఎన్నిసార్లు?

రెండు వైపులా వెల్డ్ చేసిన బట్ జాయింటుకు ఫుల్ రేడియోగ్రఫీ (వెల్డ్ మొత్తాన్నీ ఎక్స్-రే లేదా గామా ఫిల్మ్ తీసి చూడటం) ఉంటే ఎఫిషియెన్సీ (వెల్డ్ బలాన్ని ఎంతగా లెక్కలోకి తీసుకోవాలో చెప్పే గుణకం) 1.0, స్పాట్ (అక్కడక్కడా మాత్రమే) అయితే 0.85, ఫిల్మే తీయకపోతే 0.70 అని గత పాఠంలో చూశాం. అది ప్లేటు రోల్ చేసిన షెల్ (వెసెల్ స్తూపాకార భాగం) సంగతి. ఇవాళ ఈఆర్‌డబ్ల్యూ (కరెంటు వేడితో అంచులు అతికించిన) పైపు ముక్కనే షెల్‌గా తీసుకుందాం.

పైపుకూ లాంగ్ సీమ్ (పొడవునా సాగే వెల్డ్) ఉంది కదా, దానికెంత తగ్గించాలి? ఏఎస్ఎంఈ సెక్షన్ 8, డివిజన్ 1 (ప్రెజర్ వెసెళ్ల అమెరికన్ కోడ్) ప్రకారం మీరేమీ తగ్గించక్కర్లేదు, మెటీరియల్‌కు అనుమతించిన స్ట్రెస్ టేబుల్లోనే తగ్గించి ఇచ్చారు. ఎస్ఏ-106 గ్రేడ్ బి సీమ్‌లెస్‌కు మామూలు ఉష్ణోగ్రతలో 118 మెగాపాస్కల్ ఉంటే, ఎస్ఏ-53 గ్రేడ్ బి ఈఆర్‌డబ్ల్యూకు సుమారు 100. 118ని 0.85తో గుణించి చూడండి, మీకే తెలుస్తుంది.

చాలామంది ఇక్కడే ఎఫిషియెన్సీ 1.0 వేసేసి ముందుకెళ్తారు. కానీ వెల్డెడ్ పైపును సీమ్‌లెస్‌లాగే చూడమన్న యూడబ్ల్యూ-12 (అదే కోడ్‌లోని పేరా), సీమ్‌లెస్‌కు పెట్టిన షరతునూ దీనికి పెట్టింది. పైపును వెసెల్ చివరి మూత అయిన డిష్ ఎండ్‌తో కలిపే, చుట్టూ తిరిగే సర్క్ సీమ్‌కు కనీసం స్పాట్ రేడియోగ్రఫీ ఉంటేనే 1.0, లేదంటే 0.85. అంటే షెల్ మందాన్ని తేల్చేది షెల్ చివర ఉన్న ఇంకో వెల్డ్ ఫిల్మ్! మొదటిసారి వింటే వింతగానే ఉంటుంది, అందుకే డ్రాయింగ్ చెక్ చేసేటప్పుడు నేను ముందు చూసేది ఇదే.

పీడనం 2 మెగాపాస్కల్, లోపలి వ్యాసార్ధం 150 మి.మీ., స్ట్రెస్ పైన చెప్పిన 100 మెగాపాస్కల్ అనుకోండి.

మందం = పీడనం × వ్యాసార్ధం ÷ (స్ట్రెస్ × ఎఫిషియెన్సీ − 0.6 × పీడనం)

ఫిల్మ్ ఉంటే 300 ÷ 98.8 = 3.04 మి.మీ. లేకపోతే 300 ÷ 83.8 = 3.58 మి.మీ.

ఆ స్పాట్ ఫిల్మ్ కనీసం 150 మి.మీ. పొడవుండాలి. చేతికి రాగానే ముందు ఐక్యూఐ (ఫిల్మ్ నాణ్యత చూపే సన్నని తీగల వరుస)లో కావాల్సిన తీగ కనిపిస్తోందో లేదో చూడండి. ఇరిడియం-192 (గామా కిరణాల మూలం)తో తీస్తే డెన్సిటీ (ఫిల్మ్ నలుపుదనం) 2.0 నుంచి 4.0 మధ్య ఉండాలి. ఈ రెండూ సరిగా లేని ఫిల్మ్‌లో డిఫెక్ట్ వెతకడం దండగ, రీషూట్ చేయించండి. పగులు, ఫ్యూజన్ లేకపోవడం, పెనెట్రేషన్ లేకపోవడం ఎంత చిన్నవైనా రిజెక్టే. గుండ్రటి పోరోసిటీ చుక్కలను మాత్రం స్పాట్ రేడియోగ్రఫీలో లెక్కలోకి తీసుకోరు.

అభ్యాసం: పై రెండు మందాలకూ 1.5 మి.మీ. కరోజన్ అలవెన్స్ (తుప్పుకు పోయే మందం), పైపు మిల్ టాలరెన్స్ (తయారీలో మందం తగ్గగల మేర) 12.5 శాతం కలిపి ఆర్డర్ చేయాల్సిన మందం కట్టండి. వ్యాసార్ధం కరోజన్ పోయాక ఉండేదే వాడాలి. టాలరెన్స్ కోసం 1.125తో గుణించకండి, 0.875తో భాగించండి.