అరకు ఘాట్ ఎక్కే ముందు మీ సీవీటీలో ఏ ఆయిల్ ఉందో చూసుకోండి

మొన్న ఆదివారం శృంగవరపుకోట దాటాక అనంతగిరి ఘాట్‌లో ఒక సీవీటీ (గేర్లు మారని రకం ఆటోమేటిక్ గేర్‌బాక్స్) కారు మలుపు మీద నిలిచిపోయింది. యాక్సిలరేటర్ తొక్కుతుంటే ఆర్పీఎం ముల్లు నాలుగు వేలు దాటుతోంది, ఇంజిన్ గోల పెడుతోంది, బండి మాత్రం ఎక్కదు. పైగా వెనక్కి జారి, వెనక వస్తున్న జీపు బంపర్‌కు ఆనుకుని ఆగింది. లోపల పిల్లలు, పెద్దవాళ్ళు. ఎవరికీ ఏమీ కాలేదు, అదే పదివేలు.

బండి విజయనగరంలో మా షెడ్డుకే వచ్చింది. గేర్‌బాక్స్ అడుగు పాన్ విప్పితే గుప్పున మాడు వాసన. ఆయిల్ నల్లబడినా అంచుల్లో ఎరుపు తెలుస్తోంది. పాన్‌లోని అయస్కాంతాల మీద సన్నటి బూడిదరంగు ముద్ద ఉండటం మామూలే. వీటి మీద మాత్రం మెరిసే రేకులు, వేలికి గుచ్చుకునేవి. వానలకు ముందు ఆయిల్ మార్పించారట. బిల్లులో ‘గేర్ ఆయిల్’ అని ఉంది, ఏ ఆయిలో లేదు.

కార్తీకంలో వనభోజనాలు, ఆ వెనకే అరకు మంచు, సంక్రాంతి చుట్టాలు. ఇకమీదట మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల కార్లన్నీ కొండల మీదే. టైర్లు, బ్రేకుల సంగతి మీకు తెలుసు, ఆ జోలికి పోను.

సీవీటీలో గేర్లు మారవు. రెండు పుల్లీలు, వాటి మధ్య ఉక్కు బెల్టు ఉంటాయి. హ్యుందాయ్, కియా సీవీటీల్లో (వాళ్ళు ఐవీటీ అంటారు) అయితే గొలుసు. పుల్లీ పలకలు దగ్గరకూ దూరానికీ జరుగుతుంటే బెల్టు పైకీ కిందికీ జరిగి వేగం మారుతుంది. ఆ బెల్టును జారకుండా పట్టేది పంపు ఇచ్చే ఒత్తిడి, ఉక్కుకూ ఉక్కుకూ మధ్య ఉండే పల్చటి ఆయిల్ పొర. మామూలు ఆయిల్ పని జారనివ్వడం. సీవీటీ ఆయిల్ అరుగుదల ఆపాలి, పట్టు కూడా ఇవ్వాలి. అందులో మామూలు ఆయిల్ పోయడమంటే అరచేతులకు నూనె రాసుకుని రోకలి పట్టుకోవడమే.

తప్పు ఆయిల్ పోసిన మర్నాడు ఏమీ కాదు, మోసమంతా అక్కడే ఉంది. శ్రీకాకుళం నుంచి ఇచ్ఛాపురం దాకా హైవే మీద బండి హాయిగా పోతుంది. చదును రోడ్డు మీద బెల్టుకు లోడు తక్కువ మరి. అయిదుగుర్ని ఎక్కించి, ఏసీ వేసి ఘాట్ ఎక్కినప్పుడు ఆయిల్ కాగి పల్చబడుతుంది, బెల్టు జారుతుంది. ఒకసారి జారితే పుల్లీ మీద గీత పడుతుంది, ఆ గీత దగ్గరే మళ్ళీ జారుతుంది. రాలిన పొడి ఆయిల్ ఒత్తిడిని నడిపే వాల్వ్ బాడీలోకి పోయి ఒత్తిడి తగ్గిస్తుంది. ఆ తర్వాత మంచి ఆయిల్ పోసినా గీత పోదు. గేర్‌బాక్స్ మొత్తం మార్చాలంటే లక్షల్లో మాట.

ఈ పని చేసేవాళ్ళకు దురుద్దేశం ఏమీ లేదు. మన ఊళ్ళల్లో తిరిగే చిన్న ఆటోమేటిక్ కార్లలో ఏఎంటీలే (క్లచ్, గేర్లు యంత్రమే వేసేవి) ఎక్కువ. వాటిలో ఉండేది మామూలు మాన్యువల్ గేర్‌బాక్స్, పోసేది మామూలు గేర్ ఆయిల్. ఆ అలవాటు మీద సీవీటీకీ అదే డబ్బా ఎత్తుతారు. ఇంకొందరు పవర్ స్టీరింగ్‌లో పోసే ఎర్ర ఏటీఎఫ్ (మామూలు ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) పోస్తారు. అడిగితే “ఏటవుద్ది గురూ, ఆయిలు ఆయిలే” అంటారు. కాదు. సీవీటీలో సీవీటీ ఆయిలే పోయాలి, అదీ మీ కారు మాన్యువల్‌లో రాసిన రకమే. ఇప్పటి హోండాలకు హెచ్‌సీఎఫ్-2, నిస్సాన్‌లో ఎక్కువగా ఎన్ఎస్-3, హ్యుందాయ్ ఐవీటీకి ఎస్పీ-సీవీటీ1. ఇంకా తిరుగుతున్న పాత హోండా సిటీ జెడ్ఎక్స్ సీవీటీలది వేరే ఆయిల్, హెచ్ఎంఎంఎఫ్. రంగు చూసి నమ్మకండి, డబ్బా మీద అక్షరాలు చదవండి. (టయోటా హైక్రాస్, హైరైడర్ హైబ్రిడ్‌లలోని ఈ-సీవీటీలో బెల్టే లేదు, దాని కథ వేరు.)

“లైఫ్‌టైమ్ ఆయిల్, మార్చక్కర్లేదు” అనే మాట కూడా వింటుంటాం. ఆ లైఫ్‌టైమ్ వారంటీ ఉన్నంతవరకేనని నా అభిప్రాయం. మన ఎండలకు, ఘాట్లకు 40,000 కి.మీ.కు ఒకసారి మార్పించమంటాను.

మార్పించేటప్పుడు సీలు డబ్బా మీ ఎదురుగానే తెరిపించండి. బిల్లులో ఆయిల్ పేరు పూర్తిగా రాయించండి. ఖాళీ డబ్బా అడిగి తెచ్చుకోండి. పాన్ విప్పే రకమైతే విప్పించి అయస్కాంతాలు మీరే చూడండి. మెషీన్ పెట్టి ఒత్తిడితో ఫ్లష్ చేయించకండి. చాలా సీవీటీలకు డిప్‌స్టిక్ ఉండదు. స్కానర్‌లో ఆయిల్ వేడి చూస్తూ ఓవర్‌ఫ్లో ప్లగ్ దగ్గర లెవెల్ కొలవాలి. ఎక్కువ పోసినా నురగ కట్టి ఒత్తిడి పడిపోతుంది, కాబట్టి “ఓ అర లీటరు ఉండనీ” అంటే ఒప్పుకోవద్దు.

ఇక మిగతావి:

- ఎక్కుడులో ఆగితే బ్రేకు తొక్కండి. యాక్సిలరేటర్ మీద బండిని నిలబెట్టకండి.
- దిగుడులో ఎల్, ఎస్, బీ, మీ కారుకు ఏది ఉంటే అది వేయండి. న్యూట్రల్ వద్దు.
- బండి పూర్తిగా ఆగకుండా ఆర్ నుంచి డీకి రావద్దు.
- ఆర్పీఎం ముందు పెరిగి వేగం వెనక అందుకోవడం సీవీటీ నైజం, కంగారు పడకండి. ఒకే వేగంలో పోతుంటే ముల్లు ఎగిరెగిరి పడినా, మెల్లగా పోతున్నప్పుడు బండి వణికినా, డీ వేశాక ఆగి ఆగి కదిలినా ఘాట్ వద్దు.
- కూలెంట్‌లో కుళాయి నీళ్ళు కలపకండి. చాలా కార్లలో గేర్‌బాక్స్ ఆయిల్‌ను చల్లార్చేది ఆ కూలెంటే.
- తాడు కట్టి లాగించకండి. ఇంజిన్ ఆగితే పంపు ఆగుతుంది. ముందు చక్రాలు దొర్లుతుంటే పుల్లీలు ఆయిల్ లేకుండా తిరుగుతాయి. సాలూరు దాటాక సుంకి ఘాట్‌లో ఆగినా సరే, ఎవరో ట్రాక్టర్ తెస్తానన్నా సరే, ఫ్లాట్‌బెడ్ (బండిని పైకెక్కించుకుని తీసుకుపోయే లారీ) వచ్చేదాకా కూర్చోండి.
- నెట్టి స్టార్ట్ చేయడం సీవీటీలో కుదరదు.
- నాగావళి, వంశధార పొంగినప్పుడు నీళ్ళలోంచి బండి తెచ్చారా? ఆయిల్ చూపించండి. పాలరంగులో ఉంటే వెంటనే మార్పించండి.
- షాపులో అమ్మే ‘గేర్‌బాక్స్ టానిక్’ సీసాలు పోయకండి.
- సెకండ్ హ్యాండ్‌లో కొన్నారా, ఆయిల్ బిల్లు లేదా? లోపల తప్పు ఆయిలే ఉందనుకోండి.
- సీవీటీలో సీవీటీ ఆయిలే. డ్రైవర్‌కూ చెప్పండి, బండి సర్వీసుకు తీసుకెళ్ళే బామ్మర్దికీ చెప్పండి.
- తప్పు ఆయిల్ పడిందని అనుమానం ఉంటే ఒక్కసారి దించితే సరిపోదు. ఇంజిన్‌ను గేర్‌బాక్స్‌కు కలిపే టార్క్ కన్వర్టర్‌లో, లోపలి దారుల్లో చాలా మిగిలిపోతుంది. రెండు మూడు సార్లు దించి, పోసి, ప్రతిసారీ కొద్ది దూరం నడిపి చూడాలి. ఆ పని పూర్తయ్యేదాకా అరకుకు కిరండూల్ రైలెక్కండి, శృంగవరపుకోటలో ఆగుతుంది.