మన బండి మనమే ట్యూన్ చేసుకుందాం – 5వ పాఠం: సైలెన్సర్ మార్చాక

పోయిన పాఠంలో కార్బురేటర్ విప్పి, పెట్రోలును కొలిచి పోసే పైలట్ జెట్, నీడిల్, మెయిన్ జెట్ ఎక్కడుంటాయో చూశాం. స్పార్క్ ప్లగ్ తీసి ఫొటో దాచుకోమని కూడా చెప్పాను. ఆ ఫొటో ఇవాళ కావాలి.

మన పాఠాల బండి అదే, కార్బురేటర్ ఉన్న పాత రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350. ఒకటే సిలిండర్, 346 సీసీ. 5250 ఆర్‌పీఎం దగ్గర 19.8 బీహెచ్‌పీ, 4000 దగ్గర 28 న్యూటన్ మీటర్ల టార్క్ అని కంపెనీ లెక్క. సిలిండర్ వెడల్పు 70 మిల్లీమీటర్లయితే పిస్టన్ కదిలే దూరం 90. అంటే నిదానంగా తిరుగుతూ బరువు లాగడానికి పుట్టిన ఇంజిన్. ఇవాళ్టి గొడవంతా ఇక్కడే మొదలవుతుంది.

మా బావమరిది బండి కూడా ఇదే. ఓ ఆదివారం కంపెనీ సైలెన్సర్ తీసేసి పొట్టి ఫ్రీ ఫ్లో (పొగకు అడ్డు తక్కువ, మోత ఎక్కువ ఉండే సైలెన్సర్) ఒకటి బిగించుకుని వచ్చాడు. వీధి మలుపులో ఉండగానే ఇంట్లో అందరికీ తెలిసిపోయింది. "బావా, పికప్ చూడు, వేరే బండిలా ఉంది" అన్నాడు. సరే చూద్దామని ఇద్దరం బైపాస్ మీదకు వెళ్లాం. నాలుగో గేరులో 40 నుంచి 70కి ఎంతసేపు పడుతుందో వెనక కూర్చుని ఫోన్‌లో స్టాప్‌వాచ్ పట్టాను. పోతూ మూడుసార్లు, వస్తూ మూడుసార్లు. తర్వాత పాత సైలెన్సర్ తగిలించి అదే రోడ్డు మీద మళ్లీ ఆరుసార్లు. పాతదే ముందు చేరింది, అదీ ప్రతిసారీ. వాడు రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఎందుకలా జరిగిందో అర్థం కావాలంటే కిక్కిరిసిన ఆర్టీసీ బస్సు గుర్తు తెచ్చుకోండి. స్టాపులో తలుపు దగ్గరివాళ్లు ఒక్కసారిగా దిగుతారు. అక్కడ ఖాళీ ఏర్పడుతుంది. దాని వెనకవాళ్లు ముందుకు జరుగుతారు, వాళ్ల వెనక ఖాళీ. మనుషులు ముందుకు కదులుతుంటే ఖాళీ మాత్రం వెనక్కి ప్రయాణించి చివరి సీటు దాకా పోతుంది. సైలెన్సర్‌లోనూ అంతే. పొగ బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకోగానే ఒత్తిడి అల ఒకటి గొట్టంలో పరిగెడుతుంది. గొట్టం ఒక్కసారిగా వెడల్పయ్యే చోట, లేదా చివర బయట గాలి తగిలే చోట, ఆ అల తిరగబడి పీల్చే అలగా వెనక్కి వస్తుంది. గాలీ పెట్రోలూ లోపలికి వదిలే ఇన్‌టేక్ వాల్వ్, ఎగ్జాస్ట్ వాల్వ్ రెండూ కాస్త తెరిచి ఉండే క్షణంలో అది వాల్వ్ దగ్గరికి చేరిందా, మిగిలిన పొగను లాగేసి కొత్త గాలీ పెట్రోలూ లోపలికి రావడానికి దారి చేస్తుంది. వేళ తప్పి ఒత్తిడి అల వచ్చిందా, పొగనే మళ్లీ సిలిండర్‌లోకి నెడుతుంది.

లెక్క వేద్దాం. వేడి పొగలో అల వేగం సెకనుకు సుమారు 500 మీటర్లు అనుకోండి. గొట్టం 90 సెంటీమీటర్లయితే పోయి రావడానికి 1.8 మీటర్లు, అంటే 3.6 మిల్లీసెకన్లు. 3000 ఆర్‌పీఎం దగ్గర క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) ఒక చుట్టుకు 20 మిల్లీసెకన్లు తీసుకుంటుంది కాబట్టి అల తిరిగొచ్చేలోపు అది 65 డిగ్రీలు తిరుగుతుంది. 5000 దగ్గర చుట్టుకు 12 మిల్లీసెకన్లే, ఈసారి 108 డిగ్రీలు. గొట్టం అదే, అల అదే, పిస్టన్ మాత్రం వేరే చోట ఉంటుంది. నిజానికి అల ఒక్కసారి వచ్చి ఊరుకోదు, నీరసపడుతూ చాలాసార్లు అటూఇటూ తిరుగుతుంది. అయినా గొట్టం పొట్టిదైన కొద్దీ మేలు చేసే చోటు పై ఆర్‌పీఎంకు జరుగుతుందన్నది ఖాయం. మన బుల్లెట్‌ను ఊళ్లో 2000కీ 3500కీ మధ్య నడుపుతాం. లాభం మనం పోని చోటికి పోయింది, నష్టం రోజూ తిరిగే చోట మిగిలింది.

"బ్యాక్ ప్రెషర్ పోయింది, అందుకే పుల్లింగ్ తగ్గింది" అని షెడ్లలో అంటుంటారు. బ్యాక్ ప్రెషర్ అంటే పొగ బయటికి పోకుండా సైలెన్సర్ అడ్డే ఒత్తిడి. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌కు బ్యాక్ ప్రెషర్ వల్ల ఒరిగేదేమీ లేదు. పోయింది అల వచ్చే వేళ. మరీ లావు గొట్టమైతే పొగ వేగం కూడా పోతుంది.

ఇక పెట్రోలు సంగతి. మామూలు పెట్రోలు ఒక పాలు పూర్తిగా మండాలంటే బరువులో 14.7 పాళ్ల గాలి కావాలి. ఇప్పుడు బంకుల్లో పోసే ఇ20లో, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలులో, ఆ ఇథనాల్ తన ఆక్సిజన్ తానే తెచ్చుకుంటుంది కాబట్టి దానికి సుమారు 13.5 చాలు. ఈ సంగతి కార్బురేటర్‌కు తెలియదు, పాత జెట్‌తో పాత కొలతే పోస్తుంది. అంటే సైలెన్సర్ ముట్టుకోకముందే బండి కొంత లీన్‌గా, పెట్రోలు తక్కువగా నడుస్తోంది. దాని మీద ఫ్రీ ఫ్లో పెడితే ఇంకాస్త లీన్ అవుతుంది. యాక్సిలరేటర్ వదలగానే పటపటమని పేలడం, ఐడ్లింగ్ (యాక్సిలరేటర్ తిప్పకుండా ఇంజిన్ తిరగడం) నిలకడగా లేకపోవడం, ప్లగ్ పింగాణీ తెల్లబడటం దాని గుర్తులు. ఆ పటపట కోసమే డబ్బులు పెట్టేవాళ్లూ ఉన్నారు, వాళ్లకు ఈ పాఠం అక్కర్లేదు.

స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు లీకు చూడండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే బెండు పైపు సిలిండర్ హెడ్‌ను కలిసే చోట, సైలెన్సర్‌ను కలిసే చోట సబ్బునీళ్లు రాయండి. స్టార్ట్ చేసి, మందపాటి తడిగుడ్డతో సైలెన్సర్ చివర రెండు క్షణాలు సగం మూయండి. బుడగలొస్తే గాస్కెట్ (అతుకు మధ్య సందు మూసే రింగు) పోయినట్టే. ఆ సందులోంచి గాలి లోపలికి వెళ్లి, మండని పెట్రోలు గొట్టంలో అంటుకుంటుంది. సగం బండ్లలో పటపట గాస్కెట్ మార్చగానే పోతుంది, జెట్టుల దాకా పోనక్కర్లేదు.

లీకు లేదంటే పైలట్ స్క్రూ, అంటే ఐడ్లింగ్‌లో గాలీ పెట్రోలూ పాళ్లు సరిచేసే స్క్రూ. అది ఇంజిన్ వైపు ఉంటే పెట్రోలు స్క్రూ, బయటికి తిప్పితే రిచ్, అంటే పెట్రోలు ఎక్కువ అవుతుంది. ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే గాలి స్క్రూ, బయటికి తిప్పితే లీన్. ఇక్కడ తికమకపడి ఉల్టా తిప్పినవాళ్లను చాలామందిని చూశాను. మన బండిది ఇంజిన్ వైపే. ముందు పది కిలోమీటర్లు తిప్పి వేడెక్కించండి. ఐడ్లింగ్ కాస్త పెంచండి. స్క్రూను చుట్లు లెక్కపెట్టుకుంటూ మెల్లగా లోపలికి బిగించండి. ఆగగానే ఆపండి, బలం పెడితే సూదిమొన పాడవుతుంది. మళ్లీ పాత చోటికి తెచ్చి అక్కణ్నుంచి పావు చుట్టు చొప్పున బయటికి తిప్పుతూ ప్రతిసారీ పది సెకన్లు వినండి. ఆర్‌పీఎం పెరిగి పెరిగి ఒక చోట ఆగుతుంది, ఆ తర్వాత తగ్గుతుంది. ఎక్కువగా ఉన్న చోటే వదిలి, ఐడ్లింగ్ మామూలుకు దించండి. పూర్తిగా బిగిసిన చోటు నుంచి మూడు చుట్లు దాటినా ఇంకా పెరుగుతూనే ఉంటే పైలట్ జెట్ ఒక సైజు పెద్దది వేయాలి.

బీఎస్6 బండ్లవాళ్లకు తిప్పడానికి స్క్రూ లేదు. నిదానంగా పోతున్నప్పుడు పొగలో మిగిలిన ఆక్సిజన్ కొలిచే సెన్సర్ చూసి ఈసీయూ (పెట్రోలు కొలత చూసే చిన్న కంప్యూటర్) తనే సర్దుకుంటుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పినప్పుడు మాత్రం సెన్సర్ మాట వినకుండా లోపల రాసి ఉన్న మ్యాప్ ప్రకారం పోతుంది, అక్కడ రీమ్యాప్, అంటే ఆ మ్యాప్ మార్చి రాయించడం, చేయించాల్సిందే. ఒక తమాషా ఉంది. సెన్సర్‌కు ముందు గొట్టంలో లీకుంటే లోపలికొచ్చిన గాలిని చూసి సెన్సర్ లీన్ అనుకుంటుంది, ఈసీయూ పెట్రోలు ఇంకా పోస్తుంది. మైలేజీ పడిపోయిందని వచ్చే బండ్లలో ఇదొకటి.

రోడ్డు మీద మోత ఎక్కువైతే మోటారు వాహనాల చట్టం 190(2) కింద 10,000 రూపాయల దాకా జరిమానా పడొచ్చు. వైజాగ్‌లో పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను రోడ్డు రోలర్‌తో తొక్కించారు కూడా. కంపెనీ సైలెన్సర్‌ను పాత ఇనుముకు అమ్మకండి.

ఈ వారం పని: స్క్రూ కుదిర్చాక వంద కిలోమీటర్లు తిప్పి ప్లగ్ తీయండి. పాత ఫొటో పక్కన పెట్టి చూడండి. లేత గోధుమ రంగు వస్తే సరే. ఇంకా తెల్లగానే ఉంటే స్క్రూను ముట్టుకోకుండా అలాగే ఉంచండి, వచ్చే పాఠంలో నీడిల్ కింద వాషర్ వేసి చూద్దాం.