పీఎస్పీలో మెడల్ ఆఫ్ ఆనర్ హీరోస్: ఒక్క జాయ్‌స్టిక్‌తో గురి కుదరాలంటే

పర్లాకిమిడి నుంచి గుణుపురం ట్రైన్‌లో తిరిగేవాడిని, దారిపొడవునా సిగ్నల్ వస్తాది పోతాది, అందుకే బరంపురంలో సెకండ్ హ్యాండ్ పీఎస్పీ (సోనీ వాళ్ల చేతిలో పట్టుకుని ఆడే గేమ్ మెషిన్) కొన్నా. దాంతోపాటు వచ్చిన డిస్క్ ఈ మెడల్ ఆఫ్ ఆనర్ హీరోస్, రెండో ప్రపంచ యుద్ధం మీద 2006 నాటి కాల్పుల గేమ్. మొదటి రోజు ఆడి ఛీ అనిపించింది.

ఎందుకంటే పీఎస్పీకి జాయ్‌స్టిక్ ఒక్కటే. నడవడానికి అది వాడేస్తే అటూ ఇటూ చూడ్డానికి మిగిలింది ట్రయాంగిల్, క్రాస్, స్క్వేర్, సర్కిల్ బటన్లే. ఇవి ఎంత నొక్కితే అంతే తిరిగే రకం కాదు, నొక్కితే తిరుగుతాది లేపోతే లేదు, దాంతో గురి శత్రువుని దాటిపోయి గోడ మీదకి పోతాది. ముందు ఆప్షన్స్‌లోకి వెళ్లి సెన్సిటివిటీ (గురి తిరిగే వేగం) తగ్గించండి, గురికి గేమే సాయం చేసే ఎయిమ్ అసిస్ట్ మాత్రం తీయొద్దు, ఇందులో పరువు పోయేదేం లేదు.

అసలు కిటుకు ఏటంటే, బటన్లతో గురి పెట్టొద్దు, కాళ్లతో పెట్టండి. గురిని ముందే మనిషి గుండె ఎత్తులో ఉంచుకుని, శత్రువు కనపడగానే జాయ్‌స్టిక్‌తో పక్కకి జరగండి, వాడే వచ్చి గురిలో పడతాడు, అప్పుడు కాల్చే ఆర్ బటన్ నొక్కడమే. గోడ మూలల దగ్గర ఇది భలే పనిచేస్తాది. దూరంగా ఉన్నోళ్ల జోలికి పోకండి, 4.3 అంగుళాల స్క్రీన్ మీద బూడిదరంగు యూనిఫాం, బూడిదరంగు గోడ ఒకటే, నేనైతే స్తంభాన్ని కూడా కాల్చాను. కిటికీ పక్క ఎండలో అయితే ఇంక చెప్పక్కర్లేదు, లోపలి సీటు చూసుకోండి.

ఇటలీ, హాలండ్, బెల్జియం కలిపి మిషన్లు 15, కథ మరీ పలచన. కానీ మిషన్లు చిన్నవి, ట్రైన్‌కి అదే కావాలి. స్టేషన్ వచ్చిందా, పవర్ స్విచ్ ఒకసారి పైకి తోసి వదిలేయండి, స్లీప్‌లోకి పోతాది, మళ్లీ తోస్తే ఆగిన చోటు నుంచే. ఎక్కువసేపు తోసి పట్టుకుంటే మొత్తం ఆఫ్ అయిపోతాది, ఆడిందంతా గోవిందా. వైఫై స్విచ్ ఆపేసి బ్రైట్‌నెస్ తగ్గిస్తే ఛార్జింగ్ కొంచెం నిలుస్తాది.

ఆన్‌లైన్‌లో ఒకప్పుడు 32 మంది ఆడేవారు, ఆ సర్వర్లు ఎప్పుడో మూసేశారు. పక్కపక్కన కూర్చుని అడ్‌హాక్‌లో, అంటే ఇంటర్నెట్ లేకుండా రెండు పీఎస్పీలు నేరుగా కలుపుకుని ఆడొచ్చు, అయితే ఎవరి డిస్క్ వాళ్లకుండాలి. మా బావమరిది గుంటడి దగ్గర పీఎస్పీ ఉన్నాది, డిస్క్ లేదు. నేను స్కిర్మిష్ మోడ్‌లో బాట్స్‌తో (గేమే ఆడించే బొమ్మ ఆటగాళ్లతో) కొట్టుకుంటుంటే వాడు భుజం మీంచి చూసి, ‘మావయ్యా ఎడమకి జరుగు ఎడమకి’ అంటాడు.