వ్యాధి విచారణకు ఆరోగ్య అధికారులు వచ్చినప్పుడు ఏం చెప్పాలి, ఏం అడగాలి

ఒకే ప్రాంతంలో కొద్ది రోజుల వ్యవధిలో మామూలు కంటే ఎక్కువ మంది ఒకే రకం లక్షణాలతో జబ్బు పడితే, దాని మూలం ఎక్కడుందో వెతికి వ్యాప్తిని అరికట్టే అధికారాన్ని ప్రజారోగ్య అధికారులకు చట్టాలు ఇస్తాయి. రోగుల వివరాలు సేకరించడం, నీటి నమూనాలు, ఆహార నమూనాలు తీసుకోవడం, అనుమానం ఉన్న చోటును మూసివేయించడం, అవసరమైతే మనుషులను విడిగా ఉంచడం సాధారణంగా ఈ అధికారం కిందికి వస్తాయి. చట్టాల వివరాలు దేశానికో తీరుగా ఉంటాయి కాబట్టి, ఎక్కడున్నవారికైనా పనికొచ్చే జాగ్రత్తలనే ఇక్కడ చెబుతున్నాను.

వచ్చినవారి గుర్తింపు కార్డు ముందుగా చూడండి. అనుమానం ఉంటే వారు ఇచ్చిన నంబరుకు కాకుండా, మీరే వెతికి పట్టుకున్న కార్యాలయం నంబరుకు ఫోన్ చేసి నిర్ధారించుకోండి. వ్యాధి విచారణకు బ్యాంకు ఖాతా వివరాలతో గానీ ఓటీపీతో గానీ పని లేదు. అవి అడిగితే సంభాషణ అక్కడితో ఆపేయండి.

ఆ తరువాత వచ్చే ప్రశ్నలకు నిజం చెప్పడమే అన్నిటికంటే ముఖ్యం. క్రిమి శరీరంలో చేరిన నాటి నుంచి లక్షణాలు బయటపడే దాకా పట్టే కాలం కలరాకు కొన్ని గంటల నుంచి 5 రోజులు, హెపటైటిస్ ఎ కామెర్లకు 15 నుంచి 50 రోజులు. అందుకే నిన్న తిన్నదాన్ని గురించే కాక, నెల కిందట వెళ్లిన విందు గురించి కూడా అడగవచ్చు. అంత పాత సంగతులు జ్ఞాపకం ఉండవు కనుక, ఫోన్‌లోని ఫొటోలు, చెల్లింపు సందేశాలు, ప్రయాణ టికెట్లు తిరగేసి తేదీల వారీగా ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. తెలియనిదాన్ని తెలియదనే చెప్పండి. ఊహించి చెప్పిన సమాధానం విచారణను పక్కదారి పట్టిస్తుంది.

మీకు ఏ జబ్బూ లేకపోయినా ప్రశ్నించవచ్చు, అందుకు విసుక్కోకండి. 1854లో లండన్‌లోని బ్రాడ్ స్ట్రీట్ పరిసరాల్లో కలరా ప్రబలినప్పుడు, డాక్టర్ జాన్ స్నో చనిపోయినవారి ఇళ్లతో పాటు జబ్బు సోకని చోట్లను కూడా పరిశీలించాడు. పక్కనే 535 మంది ఉన్న వర్క్‌హౌస్‌లో (దిక్కులేని పేదలను ఉంచి పని చేయించే ఆశ్రయంలో) కలరాతో చనిపోయింది అయిదుగురే. వారికి సొంత బావి ఉంది. దగ్గరలోని బీరు తయారీశాల పనివారు ఆ వీధి పంపు నీళ్లు దాదాపు ముట్టలేదు, వారిలో కలరా మరణాలు లేవు. ఆ పంపు మీదే అనుమానం బలపడింది, సెప్టెంబరు 8న దాని హ్యాండిల్ తీయించారు. ఎవరు తాగారో తెలిస్తే చాలదు, తాగనివారికి ఏమైందో కూడా తెలియాలి.

నమూనాల విషయంలో రెండు సంగతులు గుర్తుంచుకోండి. మిగిలిన ఆహారాన్ని పారేయకుండా మూతపెట్టి ఫ్రిజ్‌లో విడిగా ఉంచండి, అధికారులు నమూనా తీసుకునే లోపు నీళ్ల ట్యాంకు కడిగించకండి. యాంటీబయాటిక్ వేసుకున్నాక తీసిన మలం నమూనాలో క్రిమి దొరకకపోవచ్చు. అలాగని చికిత్స ఆపవద్దు, ఏ మందు ఎప్పుడు వేసుకున్నారో చెబితే చాలు. ఏ పరీక్ష చేస్తారు, ఫలితం ఎవరు, ఎప్పుడు చెబుతారు అన్నది అప్పుడే అడిగి రాసుకోండి.

విడిగా ఉండమన్న ఆదేశం వస్తే మరింత జాగ్రత్త కావాలి. జబ్బు పడినవారిని ఐసోలేషన్‌లో, జబ్బు సోకి ఉండవచ్చని భావించే ఆరోగ్యవంతులను క్వారంటైన్‌లో ఉంచుతారు. ఆదేశాన్ని రాతపూర్వకంగా కోరండి. ఏ చట్టం కింద ఇచ్చారు, కారణమేమిటి, ఎప్పుడు ముగుస్తుంది, ఎవరికి అప్పీలు చేసుకోవాలి అన్నవి అందులో ఉండాలి. గడువుకు వైద్యపరమైన ఆధారం ఉండాలి: ఎబోలా రోగితో దగ్గరగా మెలిగినవారిని (కాంటాక్టులను) 21 రోజులు గమనించడానికి కారణం, ఆ జబ్బు బయటపడడానికి పట్టే గరిష్ఠ కాలం అదే కావడం. ఇలాంటి ఆంక్షలు చట్టబద్ధంగా, నిజంగా అవసరమైనంత మేరకే, ఉన్న మార్గాల్లో అతి తక్కువ ఇబ్బంది కలిగించేవిగా ఉండాలని అంతర్జాతీయ న్యాయ నిపుణులు 1984లో రూపొందించిన సిరకూసా సూత్రాలు చెబుతున్నాయి. అభ్యంతరం ఉంటే, ఆదేశాన్ని పాటిస్తూనే అప్పీలు చేయండి. మధ్యలో బయటికి వెళితే ఆ ముప్పు ఇతరుల మీద పడుతుంది.

తిండి, మందులు, పోయిన కూలి గురించి మొహమాటపడకుండా అడగండి. తన ఒంట్లో టైఫాయిడ్ క్రిములున్నా జబ్బు లక్షణాలు కనబడని వంటమనిషి మేరీ మాలన్‌ను న్యూయార్క్ అధికారులు 1907లో నిర్బంధించి, వంట పని చేయకూడదన్న షరతుతో 1910లో విడిచిపెట్టారు. బట్టలుతికే పనిలో వంటపనిలో వచ్చినంత ఆదాయం రాలేదు. ఆమె పేరు మార్చుకుని మళ్లీ వంటకు చేరింది, 1915లో తిరిగి పట్టుబడి 1938లో చనిపోయే వరకు నిర్బంధంలోనే ఉండిపోయింది. బతుకుతెరువు చూపని ఆదేశం సగమే పనిచేస్తుందని నేను గట్టిగా నమ్ముతాను.

మీ పేరు, చిరునామా ఎవరెవరికి తెలుస్తాయో కూడా తప్పక అడగండి. కాంటాక్టులకు సమాచారం ఇచ్చేటప్పుడు రోగి పేరు చెప్పాల్సిన అవసరం చాలా సందర్భాల్లో ఉండదు. దుకాణమో హోటలో మూయించినప్పుడైతే ఏ లోపం సరిచేయాలి, తిరిగి తనిఖీ ఎప్పుడు అన్నది కాగితం మీద తీసుకోండి.

గడువు ముగిసే దాకా రోజూ ఉదయం, సాయంత్రం జ్వరం చూసి రాసుకోండి. కొత్త లక్షణం కనిపిస్తే నేరుగా ఆసుపత్రికి బయలుదేరకుండా ముందుగా విచారణ అధికారికి ఫోన్ చేయండి, ఊపిరి అందకపోవడం వంటి అత్యవసరమైతే అంబులెన్సు వారికి ఫోన్‌లోనే విషయం చెప్పండి.