లోయర్ చేసిన (ఎత్తు దించిన) షెవ్రొలే కమారో కారుకి వెనక సస్పెన్షన్ కొనేముందు జాగ్రత్తలు

1967-69 కమారోలకు వెనక ఉండేవి లీఫ్ స్ప్రింగులు, అంటే ఉక్కు పట్టీల స్ప్రింగులు. 1967 బండ్లలో ఒక్కో పక్క ఒక్కటే లీఫ్. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే అది ఎస్ ఆకారంలో వంగి చక్రాలు ఎగిరెగిరి పడతాయి.

- ముందు కొలతలు, తర్వాతే కేటలాగు. చదునైన నేల మీద బండి నిలిపి యాక్సిల్ ట్యూబుకీ (వెనక ఇరుసు గొట్టం) బంప్ స్టాప్‌కీ (ఇరుసు పైకి లేచి గుద్దుకోకుండా ఆపే రబ్బరు దిమ్మ) మధ్య ఖాళీ చూడండి. రెండంగుళాలు కూడా లేకపోతే ఎంత ఖరీదైన షాకులు (షాక్ అబ్జార్బర్లు) వేసినా గతుకుల్లో గుద్దుకుంటుంది.

- యాక్సిల్‌కీ స్ప్రింగుకీ మధ్య బ్లాకులు (దిమ్మలు) పెట్టి దించారా? బ్లాకు ఎత్తు పెరిగేకొద్దీ స్ప్రింగు మీద మెలి పెరుగుతుంది. ఒకదానిమీద ఒకటి పేర్చడం అసలొద్దు. వంపు తక్కువున్న మల్టీ లీఫ్ (ఒకటికి మించి పట్టీలున్న స్ప్రింగు) మేలు. యాక్సిల్‌ని స్ప్రింగుకి బిగించే యూ-బోల్టులు విప్పాక మళ్లీ వాడొద్దు, కొత్తవి వేయండి.

- స్టాక్ పొడవు షాకు దించిన బండిలో అడుగు తన్నుతుంది. పొట్టిది తీసుకోండి.

- పినియన్ (డ్రైవ్ షాఫ్టు వచ్చి కలిసే వెనక యాక్సిల్ గేరు) కోణం యాంగిల్ గేజ్‌తో చూడండి. లోడు పడితే పినియన్ ముక్కు పైకి లేస్తుంది కాబట్టి, గేర్‌బాక్స్ షాఫ్టుకు సమాంతరంగా ఉండే కోణం కంటే ఒకటి రెండు డిగ్రీలు కిందికి ఉంచాలి. లేదంటే వణుకు, యూ-జాయింట్ల (డ్రైవ్ షాఫ్టు చివర్ల కీళ్లు) అరుగుదల.

- ఫోర్-లింక్ కిట్ (లీఫుల బదులు నాలుగు కడ్డీలతో యాక్సిల్‌ని పట్టి ఉంచేది) అయితే వెల్డింగ్ ఉందా, సైలెన్సర్ పైపు మార్చాలా అన్నది ముందే అడగండి. వీధుల్లో తిరిగే బండికి మంచి లీఫులే చాలు.

- రబ్బరు బుష్ బోల్టుల చివరి బిగింపు చక్రాలు నేలమీద ఉన్నప్పుడే. గాల్లో బిగిస్తే రబ్బరు మెలితిరిగి త్వరగా చిరుగుతుంది.