కుష్ఠు మాత్రలు: దేనితో ఎక్కడ జాగ్రత్త

వరంగల్ పల్లెల్లోనూ పీహెచ్‌సీలో ఎండీటీ (కుష్ఠుకు కలిపి ఇచ్చే పలు మందుల చికిత్స) ప్యాకెట్ ఉచితమే. పెద్దలకు నెలకోసారి సిబ్బంది ఎదుట రిఫాంపిసిన్ 600, క్లోఫాజిమిన్ 300 మి.గ్రా.; రోజూ ఇంట్లో డాప్సోన్ 100, క్లోఫాజిమిన్ 50.

అసలు జాగ్రత్త డాప్సోన్‌తోనే. కాలేయంలో అది హైడ్రాక్సిలమైన్ అనే పదార్థంగా మారి ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది. జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైము) లోపముంటే రక్తం ఇంకా వేగంగా తగ్గుతుంది. అందుకే ముందే హిమోగ్లోబిన్ చూపించుకోండి. తొలి రెండు నెలల్లో జ్వరంతో దద్దుర్లు, కామెర్లు వస్తే డాప్సోన్ ఆపి అదే రోజు వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి వెళ్లండి.

రిఫాంపిసిన్ కాలేయ ఎంజైములను పెంచి గర్భనిరోధక మాత్రలు, వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా వాడేది), ప్రెడ్నిసోలోన్ (స్టెరాయిడ్) పనిని తగ్గిస్తుంది. నెలకోసారి వేస్తే ఈ ప్రభావం స్వల్పం, టీబీకి రోజూ వాడితే చాలా ఎక్కువ. వాడే ప్రతి మందూ డాక్టరుకు చెప్పండి.

క్లోఫాజిమిన్ అన్నం తిన్నాకే వేయాలి. రిఫాంపిసిన్ వేసిన రోజు మూత్రం ఎర్రబడటం మామూలే. మిగతా రోజుల్లో నల్లగా వస్తే అది మామూలు కాదు.