పాఠం టీచర్ నడపాలా, పిల్లలు నడపాలా: ఎలా తేల్చుకోవాలి

టీచర్ చెబితే పిల్లలు వినే పద్ధతి పాతబడిపోయిందనో, పిల్లలకే వదిలేస్తే క్లాసు పాడైపోతుందనో ముందే ఒక పక్షం ఎంచుకుని పాఠానికి వెళ్లకండి. ఇది ఏ పాఠానికి ఆ పాఠం తేల్చుకోవాల్సిన విషయం, ఒక్కోసారి ఒకే పీరియడ్‌లో రెండుసార్లు కూడా.

టీచర్ వైపు వాదనలు పెరెన్నియలిజం, ఎసెన్షియలిజం. కాలం మారినా నిలిచే ఆలోచనలు ఉన్నాయని మొదటిది, అందరికీ తప్పనిసరిగా రావాల్సిన విషయాలు కొన్ని ఉన్నాయని రెండోది, తెలిసినవాళ్లు వాటిని వరసగా నేర్పాలని రెండూ అంటాయి. పిల్లల వైపు ముఖ్యమైనది ప్రోగ్రెసివిజం, అంటే పిల్లలు స్వయంగా చేస్తూ, అనుభవంతో నేర్చుకోవాలనే వాదన. ఈ వాదనకు పేరుపడ్డ అమెరికన్ తత్వవేత్త జాన్ డ్యూయీ 1896లో షికాగో విశ్వవిద్యాలయంలో బడి పెట్టి వంట, కుట్టు, వడ్రంగం లాంటి పనుల ద్వారా చదువు చెప్పించాడు. కానీ అదే డ్యూయీ 1938లో, స్వేచ్ఛ పేరుతో క్రమాన్ని గాలికొదిలేసిన బడులను గట్టిగా విమర్శించాడు. ఈ సంగతి చాలామంది పట్టించుకోరు, నా దృష్టిలో మాత్రం ఆయన చెప్పినవాటిలో టీచర్‌కి అన్నిటికంటే పనికొచ్చేది ఇదే.

పాఠానికి ముందు ఒక్కటే ఆలోచించండి: ఇందులో పిల్లలకు ఇప్పటికే ఏం వచ్చు? బొత్తిగా కొత్తదైతే మీరే విడమరిచి చెప్పండి, ఎందుకంటే బుర్ర ఒకేసారి పట్టుకోగలిగేది కొంచెమే, అదంతా దారి వెతుక్కోవడానికే సరిపోతే నేర్చుకోవడానికి ఏమీ మిగలదు. కాస్త పట్టు దొరికాక మాత్రం మీ వివరణే వాళ్లకు అడ్డం.

భిన్నాల కూడికే తీసుకోండి. 1/2 + 1/3 ఎంత అంటే చాలామంది 2/5 అని రాస్తారు. వెంటనే తప్పని కొట్టేయకుండా, 2/5 సగం కంటే ఎక్కువా తక్కువా అని అడగండి, కాగితం పట్టీలిచ్చి మడిచి చూడమనండి. సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తగ్గిందేంటి అని వాళ్లలో వాళ్లే వాదించుకుంటారు. సరిగ్గా అప్పుడు చాక్‌పీసు మీరు అందుకోండి. రెండింటినీ ఆరో వంతులుగా మార్చి, 3/6, 2/6, కలిపితే 5/6 అని మెల్లగా చూపించండి. ఉమ్మడి హారం వాళ్లంతట వాళ్లే కనిపెట్టేదాకా ఆగితే ఏ ఇద్దరు ముగ్గురికో అందుతుంది, మిగతావాళ్లు వాళ్ల నోట్సు చూసి రాసుకుంటారు. తర్వాతి లెక్క సగం చేసి వదిలేయండి, ఆ తర్వాతిది మొత్తం వాళ్లదే.

ప్రశ్న వేశాక కనీసం 3 సెకన్లు ఆగండి. టీచర్లు సగటున 1 సెకను మాత్రమే ఆగుతున్నారని, ఇంకాస్త ఆగితే పిల్లల జవాబులు పొడవవుతున్నాయని అమెరికన్ విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలోనే గమనించింది. ఖర్చు లేని పని, టీచర్ నడిపే పాఠంలో కూడా పిల్లలకు చోటు దొరుకుతుంది.

గ్రూపుల్లో పని ఇస్తే ప్రతి ఒక్కరూ విడిగా చూపించాల్సింది ఒకటి ఉండాలి, లేదంటే ఒకరే చేస్తారు.

పీరియడ్ ముగిసేలోపు పుస్తకాలు మూయించి, ఒక్క లెక్క ఎవరికి వారు చేసి కాగితం ఇమ్మనండి. ఎక్కువమందికి రాకపోతే రేపు మీరే మళ్లీ మొదటి నుంచి చెప్పండి, వచ్చిందంటే రేపటి పీరియడ్ వాళ్లకు వదిలేయండి.